మా నాన్న కళ్లజోడు వెతుక్కోలేదు

ప్రశ్న: మా అబ్బాయికి 17 నిండాయి. సైన్యంలో చేరతానని పట్టుబట్టాడు. 18 నిండలేదు కాబట్టి నేను అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలట. వారం నుంచి ఆ కాగితం బీరువాలోనే ఉంది. మీరు చిన్న వయసులోనే చేరారని లోగడ ఈ శీర్షికలో రాశారు. ఆ రోజులు వేరనుకోండి. అయినా అడుగుతున్నాను, పెట్టమంటారా?

జవాబు: నేను చేరినప్పుడు నాకు 16. గుమాస్తా వేలుపెట్టి చూపించిన చోట మా నాన్న సంతకం చేసేశాడు. కళ్లజోడు కూడా వెతుక్కోలేదు. ఆయన్ని తప్పుపట్టను. ఇంట్లో తినే నోరొకటి తగ్గుతోంది, పైగా జీతమొస్తోంది. అందులో ఏం రాసుందో నాకు తెలిసింది మాత్రం పదేళ్ల సర్వీసయ్యాకే. అందుకని ముందు ఆ కాగితం చదవండి. వాడి చేత కూడా చదివించండి.

మా రోజుల్లో లేనిది ఇప్పుడొకటి ఉంది. బాలల హక్కుల మీద 1989లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక పోరులోకి దించడానికి 15 ఏళ్లనే హద్దుగా పెట్టింది. 2000లో ఐక్యరాజ్యసమితి దానికి ఒక ప్రోటోకాల్, అంటే అనుబంధ ఒప్పందం, చేర్చింది. అది 2002లో అమల్లోకి వచ్చింది. దాన్ని ఒప్పుకున్న దేశాలు 18 నిండని సైనికులు నేరుగా పోరులో దిగకుండా వీలైనంతా చూడాలి. అలాంటివాళ్లని చేర్చుకుంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి, చేసే పనేమిటో పిల్లవాడికి పూర్తిగా చెప్పాలి. మీ సంతకం అడుగుతున్నది ఊరికే కాదు.

ఇక నా సంగతి. నేను రేడియో ఆపరేటర్ని. 19 ఏళ్లకే ఒక రేడియో సెట్టు, రహస్య సందేశాలు విప్పే ఒక కోడ్ పుస్తకం, ఇద్దరు కొత్త కుర్రాళ్లు నా చేతికొచ్చారు. పుస్తకం పోతే జవాబు చెప్పాల్సింది నేనే. తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ని. అంత బరువు మోసినవాణ్ని, 40 దాటి బయటికొచ్చాక బట్టల కొట్టుకెళ్లి చొక్కా రంగు తేల్చుకోలేక వట్టి చేతులతో ఇంటికొచ్చాను. నవ్వకండి. ఎప్పుడు లేవాలో, ఏం తొడుక్కోవాలో, ఎక్కడ ఉండాలో 16వ ఏట నుంచీ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. అద్దె ఇల్లు చూడటం, డాక్టర్ని నాలుగు మాటలడగటం, బ్యాంకు కాగితాలు, అన్నీ మా ఆవిడే చేసింది. ఎదగలేదని కాదు, ఒక పక్కే ఎదిగాను.

పైగా ప్రాణం పెట్టి నేర్చుకున్న మోర్స్ కోడ్, అదే చుక్కలూ గీతలుగా సందేశాలు పంపే పద్ధతి, నా కళ్లముందే మూలపడింది. ఓడలకు కూడా 1999 ఫిబ్రవరి 1 నుంచి దాని అవసరం లేకుండా పోయింది. వాడికి ఏ విభాగం ఇస్తారో అడగండి. యూనిఫాం విప్పాక ఆ పని బయట ఎవరికి కావాలో కూడా అడగండి. మా కాలంలో ఎవరూ అడగలేదు, నేనైతే అసలే అడగలేదు.

నా మాటంటారా, చేరే వయసు దాటిపోదని చూసుకుని ఆ కాగితం బీరువాలోనే ఉండనివ్వండి. ఏడాది పోతే మీ సంతకంతో పనుండదు. ఈలోగా వాడు ఇంటికి దూరంగా ఓ గదిలో ఉండి, తన డబ్బు తనే లెక్క చూసుకోనీ. ఆ తర్వాత కూడా వెళతానంటే వెళ్లనివ్వండి. వెళ్లినందుకు నేను మాత్రం ఒక్క రోజు కూడా బాధపడలేదు.

ప్రశ్న: మోర్స్ కోడ్ ఇంకా గుర్తుందా?

జవాబు: మరచిపోదామన్నా పోదు. మేం దాన్ని పట్టిక చూసి నేర్వలేదు, చెవితో నేర్చాం. చుక్క అంటే ‘డిట్’, గీత అంటే ‘డా’. ‘ఇ’ అనే ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క చుక్కే. మా అల్లుడు కారు మలుపు తిప్పడానికి ఇండికేటర్ వేస్తే చాలు, ‘ఇ, ఇ, ఇ, ఇ’ అని ఎవరో పిలుస్తున్నట్టే ఉంటుంది నాకు. మలుపు తిరిగాక కూడా ఆపడం మరచిపోతాడు మా అల్లుడు, ఆ బాధ వేరే.