అమ్మేయాలా అని అడిగే ముందు, నెల ఖర్చు ఏ అరలోంచి వస్తోందో చూడండి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ల కోసం. 61 ఏళ్లు, రిటైరై ఎనిమిది నెలలు. పింఛను పోగా ఇంటి ఖర్చుకు నెలకు ఇంకో 40 వేలు కావాలి. పొదుపు మొత్తం కోటి: 60 లక్షలు ఈక్విటీ (షేర్ల) ఫండ్లలో, 40 లక్షలు డిపాజిట్లు, బాండ్ ఫండ్లలో. ఆ నెల నెలా 40 వేలూ ఈక్విటీ ఫండ్ నుంచే ఎస్‌డబ్ల్యూపీ (నెల నెలా సరిపడా ఫండ్ యూనిట్లు అమ్మి ఆ డబ్బు ఖాతాలో వేసే ఏర్పాటు) పెట్టుకుని తీసుకుంటున్నారు. రెండు నెలల్లో మార్కెట్ 12 శాతం పడింది, నిద్ర పట్టడం లేదు, అంతా అమ్మేసి డిపాజిట్లలో వేసేయాలా అంటున్నారు.

అమ్మొద్దు. ఎస్‌డబ్ల్యూపీని మాత్రం ఈ వారంలోనే ఈక్విటీ ఫండ్ నుంచి తప్పించండి. మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన ఆ ఒక్క విషయమే అసలు చిల్లు.

ఎందుకో లెక్క చూడండి. యూనిట్ ధర 50 ఉన్నప్పుడు 40 వేలకు 800 యూనిట్లు తెగుతాయి. అదే ధర 33కి పడితే అదే 40 వేలకు 1,212 యూనిట్లు పోతాయి. నెలకు 412 యూనిట్లు అదనంగా, అదీ అధ్వాన్నమైన ధరకు. మార్కెట్ మళ్లీ లేచినా ఆ యూనిట్లు మీ ఖాతాలో ఉండవు, వాటికి రావాల్సిన లాభమూ రాదు. కరువులో విత్తనపు గింజలు వండుకు తిన్నట్టే ఇది. ఉద్యోగంలో ఉండగా నెల నెలా కొన్నవాళ్లకు పడిన మార్కెట్ మేలు చేస్తుంది. నెల నెలా అమ్మేవాళ్లకు అదే లెక్క తిరగబడుతుంది. 'లాంగ్ టర్మ్‌లో అన్నీ సర్దుకుంటాయి' అనే సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఒకటో తారీఖున జీతం పడుతుంది, అందుకే వాళ్లకు ఈ తేడా తట్టదు.

పడటం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నది కూడా ముఖ్యం. కోటి మొత్తం ఈక్విటీలోనే ఉండి, ఏటా మొదట్లో 5 లక్షలు తీస్తున్నారనుకోండి. మూడేళ్ల రాబడి మైనస్ 30, ప్లస్ 10, ప్లస్ 40 శాతం అయితే చివరికి 87.7 లక్షలు మిగులుతాయి. అవే మూడు అంకెలు తిరగేసి 40, 10, మైనస్ 30 వస్తే 95 లక్షలు. ఇప్పుడు 15 లక్షలు ముందే పక్కన పెట్టి, మిగతా 85ని ముట్టుకోకుండా వదిలేయండి. వరస ఎటు తిరిగినా 91.6 లక్షలే వస్తుంది. మంచి వరసలో మూడున్నర లక్షలు తక్కువ వచ్చాయి కదా అంటారా? అవును, అది బీమా ప్రీమియం. రిటైరైన మొదటి ఐదారేళ్లు ఆ ప్రీమియం కట్టాల్సిందే.

మీ దగ్గర ఆ బీమా ఇప్పటికే ఉంది, వాడుకోవడం లేదు, అంతే. నెలకు 40 వేలంటే ఏటా 4.8 లక్షలు. 40 లక్షల్ని దానితో భాగించండి: ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. వచ్చే వడ్డీ, ధరల పెరుగుదలకు సరిపోతుందనుకుంటే, ఎనిమిదేళ్లకు పైగా ఒక్క యూనిట్ కూడా అమ్మక్కర్లేదు. అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు 57 శాతం పడి, పాత గరిష్ఠాన్ని 2013లో దాటింది. అంటే దాదాపు ఐదున్నరేళ్లు. మీ 40 లక్షలు దాన్ని కూడా దాటిస్తాయి. జపాన్ షేర్ల సూచీ నిక్కీ మాత్రం 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని మళ్లీ దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. అంత కాలానికి పక్కన పెట్టిన ఏ డబ్బు అరా చాలదు. కాబట్టి ఆ 60 లక్షలూ ఒకే దేశంలో, ఒకే రంగంలో ఉంటే అది వేరే జబ్బు, దాని మందు వేరే.

ఇక అమ్మేసి, తగ్గాక మళ్లీ కొనడం గురించి. అందులో నిర్ణయాలు రెండు, రెండోది ఎవరికీ సరిగ్గా కుదరదు. 2020 మార్చి గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 19న ఎస్ అండ్ పీ 500 గరిష్ఠం, మార్చి 23కి 34 శాతం కింద. మధ్యలో 9, 12, 16, 18 తేదీల్లో నాలుగుసార్లు ట్రేడింగే కాసేపు ఆపేశారు. 12న కుప్పకూలింది, 13న 9 శాతం లేచింది, 16న ఒక్కరోజే 12 శాతం పోయింది. 23న అడుగు తాకిందని ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు. 24న మళ్లీ 9 శాతం పైకి. ఆ తర్వాతైనా మంచి వార్త వచ్చిందా? ఏప్రిల్‌లో అమెరికా నిరుద్యోగం 14.7 శాతం. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర సున్నా కంటే కిందికి పోయింది. 'పరిస్థితి కుదుటపడ్డాక కొంటాను' అని కూర్చున్నవాడికి కొనే రోజు ఏ వార్తలోనూ కనపడదు. ఆగస్టు 18కి సూచీ పాత గరిష్ఠం మీద ముగిసింది, అప్పటికి కరోనా తగ్గనే లేదు.

పేపర్ల ధోరణి ఇక్కడే చెప్పుకోవాలి. పడిన రోజు 'లక్షల కోట్లు ఆవిరి' అని పెద్దక్షరాలు. లేచిన రోజు 'ఆవిరి గడ్డకట్టింది' అని ఎవడైనా వేశాడా? ఫోన్లో ఫండ్ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. మీకు ఏడాదికి ఒకసారి చాలు.

సరే, 2020 మాదిరే 34 శాతం పడిందనుకుని మీ లెక్క చూద్దాం. 60 లక్షలు 39.6 అవుతాయి. మొత్తం కోటి కాస్తా 79.6 అవుతుంది. అంటే పడింది 34 కాదు, 20 శాతం. ఇప్పుడు తీస్తున్న 4.8 లక్షలు మిగిలిన దాంట్లో 6 శాతం. రిటైరైనవాళ్లు పొదుపులోంచి ఏటా ఎంత తీయొచ్చో 2006లో గైటన్, క్లింగర్ అనే ఇద్దరు ఇచ్చిన హద్దు ఇక్కడ పనికొస్తుంది: మొదట ఎంత శాతం తీశారో దానికి ఐదో వంతు మించి పెరిగితే, ఆ ఏడాది తీసేది పదో వంతు తగ్గించాలి. మీది 4.8తో మొదలైంది, హద్దు 5.76. దాటింది కాబట్టి 40 వేలు 36 వేలవుతుంది. అంత పెద్ద పతనం మీ ఇంటి దాకా వచ్చేసరికి నెలకు నాలుగు వేల సర్దుబాటు. ఆ నాలుగు వేలు ఏ ఖర్చులోంచి తగ్గిస్తారో ఇవాళే రాసి పెట్టుకోండి. పడ్డాక కూర్చుని ఆలోచిస్తే కాళ్లూ చేతులూ ఆడవు. ఒకమాట, మొదట్లోనే 4.8 కాస్త ఎక్కువే. మొదటి ఏడాది పొదుపులో ఇంత తీయొచ్చని 1994లో బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు చెప్పిన 4 శాతం అమెరికా పాత రాబడుల మీద, 30 ఏళ్లకు వేసిన లెక్క. హామీ కాదు గానీ, స్పీడోమీటర్‌లా చూసుకోవచ్చు. మొదటి ఒకట్రెండేళ్లు ధరలు పెరిగాయని మీ 40 వేలు పెంచకుండా ఉండగలిగితే చాలా ఊపిరి ఆడుతుంది.

అంతా డిపాజిట్లలో వేస్తే? పన్ను పోగా వడ్డీ 5 శాతం, ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే ఆ కోటి 19 ఏళ్లకు అయిపోతుంది. మీకప్పటికి 80. నిద్ర ఇప్పుడు పడుతుంది, అప్పుడు పోతుంది.

ఇప్పుడు ఆ 40 లక్షల సంగతి, ఎందుకంటే చాలామంది దీన్నే చెడగొట్టుకుంటారు. 5 లక్షలు సేవింగ్స్ ఖాతా, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా నగదు చేసుకోగల ఫండ్) ఉంచండి, ఈ ఏడాది ఖర్చుకు. ఇది మొదటి అర. తర్వాతి 20 లక్షలు నాలుగు డిపాజిట్లుగా, ఒక్కోటి 5 లక్షలు. ఏడాదికి, రెండేళ్లకు, మూడేళ్లకు, నాలుగేళ్లకు గడువు తీరేలా. ఏటా ఒకటి గడువు తీరి మొదటి అరలో పడుతుంది. 20 లక్షలు ఒకే రసీదుగా ఐదేళ్లకు వేస్తే, 5 లక్షల కోసం మొత్తం రసీదు విరగ్గొట్టి వడ్డీ పోగొట్టుకోవాల్సి రావచ్చు. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా పరిమితి దాటకుండా పంచండి.

మిగతా 15 లక్షలు స్వల్పకాలిక బాండ్ ఫండ్‌లో. ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో 'మోడిఫైడ్ డ్యురేషన్' అని ఒక అంకె ఉంటుంది, అది చూడకుండా కొనొద్దు. ఆ అంకె 7 అయితే, వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ఫండ్ విలువ సుమారు 7 శాతం పడుతుంది. మీకు 3 లోపు ఉండాలి. బాండ్లంటే ఎప్పుడూ భద్రమే అనుకున్నవాళ్లకు 2022 పాఠం చెప్పింది: అమెరికాలో షేర్లు డివిడెండ్లు కలుపుకుని 18 శాతం, బాండ్ సూచీ 13 శాతం, రెండూ ఒకే ఏడాది పడ్డాయి. పక్క ఫండ్ కంటే రెండు శాతం ఎక్కువ ఇస్తోందంటే లోపల ఎవరి బాకీ పత్రాలున్నాయో చూడండి. 2008 సెప్టెంబరులో రిజర్వ్ ప్రైమరీ ఫండ్ అనే మనీ మార్కెట్ ఫండ్, దివాలా తీసిన లేమన్ బ్రదర్స్ బ్యాంకు పత్రాలు పెట్టుకుని, డాలరు యూనిట్‌ను 97 సెంట్లకు దించుకుంది. నగదుతో సమానమని జనం నమ్మిన ఫండ్ అది.

ఈ అరల్ని మళ్లీ నింపడానికి ఏటా ఒకే తేదీ పెట్టుకోండి, పుట్టినరోజైనా సరే. ఆ రోజు ఈక్విటీ ఫండ్ యూనిట్ ధర దాని పాత గరిష్ఠానికి 10 శాతం లోపే ఉంటే, ఆ ఏడాది ఖర్చుకు సరిపడా యూనిట్లు అమ్మి చివరి అరలో వేయండి. అంతకంటే కింద ఉంటే ముట్టుకోవద్దు. ఇప్పుడు 12 కింద ఉంది, కాబట్టి ముట్టుకోవద్దు. పడినప్పుడు డిపాజిట్ తీసి ఈక్విటీ కొనమని కొన్ని పుస్తకాలు చెప్తాయి. నాలుగేళ్ల ఖర్చు పక్కన మిగిలితేనే ఆ పని చేయండి.

ఇంత చెప్పినా 60 శాతం మీ గుండెకు ఎక్కువ అనిపిస్తే 50కి దించుకోండి, అందులో తప్పేం లేదు. కానీ 10 లక్షల్ని రెండేసి లక్షలుగా, మూడు నెలలకొకసారి, ఐదు విడతల్లో. తేదీలు ముందే కాగితం మీద రాసి, ఆ రోజు ధర ఏదైనా సరే అమ్మండి. ఎగ్జిట్ లోడ్ (ముందుగా అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము), పన్ను ముందే చూసుకోండి. ఆ కాగితం మీదే ఏ ఖాతాలో ఎంత, గడువు ఎప్పుడు, ఏ హద్దు దాటితే 36 వేలకు తగ్గాలి అన్నది కూడా రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. మీరు ఆస్పత్రిలో ఉన్న వారంలోనే మార్కెట్ పడొచ్చు.

ఎస్‌డబ్ల్యూపీ రద్దుకు తర్వాతి విడత తేదీకి కొన్ని రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. పాతది ఆగినట్టు మెసేజ్ వచ్చాక లిక్విడ్ ఫండ్ నుంచి కొత్తది మొదలుపెట్టండి, లేకపోతే ఆ నెల రెండు వైపులా తెగుతుంది.