రైల్లో రోజూ అదే చోట కాల్ కట్ అవుతోంటే మెషిన్ లెర్నింగ్ ఏం చేయగలదు?

మీరు విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస) స్టేషన్‌కి రోజూ పాసింజర్‌లో కాలేజీకి వెళ్తున్నారు, దారిలో రెండు మూడు చోట్ల కాల్ కట్ అవుతోంది, ఈ హ్యాండోవర్ (కాల్ నడుస్తుండగా ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారడం) సమస్య మీద మెషిన్ లెర్నింగ్‌తో ఫైనలియర్ ప్రాజెక్ట్ చేస్తే పనికొస్తుందా, డేటా ఎలా తెచ్చుకోవాలి అని అడిగారు.

పనికొస్తుంది. రోజూ అవే చోట్ల కట్ అవుతోందన్నారు చూడండి, మీకు కలిసొచ్చేది అదే. రోడ్డు మీద బండి ఎటైనా తిరుగుతుంది, రైలుకి ఉన్నది ఒక్కటే దారి. చీపురుపల్లి దాటాక ఏ టవర్ తర్వాత ఏ టవర్ వస్తుందో నిన్నటి డేటా చూసి ఇవాళ చాలావరకు చెప్పేయొచ్చు.

ఒక టెలికాం కాంట్రాక్టు కంపెనీ తరఫున నేను ఈ లైన్లో డ్రైవ్ టెస్టులు, అంటే ప్రయాణిస్తూ సిగ్నల్ కొలిచే పరీక్షలు చేశాను. ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి వైర్లతో వేలాడే ఫోన్లు, కిటికీ చువ్వకి కట్టిన జీపీఎస్. ఎదుటి సీట్లోంచి ఎవరో ఒక పెద్దాయన తప్పకుండా అడిగేవారు, "మా ఊరికి టవరెప్పుడేస్తారు బాబూ?" అని. టవర్లు వేసేది మేం కాదంటే నమ్మేవారు కాదు.

అసలు కాల్ ఎలా తెగుతుందో ముందు చూద్దాం. ఫోన్ తానున్న సెల్ (ఒక టవర్ యాంటెన్నా సిగ్నల్ అందే ప్రాంతం) సిగ్నల్‌నీ, పక్క సెల్స్ సిగ్నల్‌నీ కొలుస్తూనే ఉంటుంది. 4జీలో మామూలుగా వాడేది ఏ3 ఈవెంట్: పక్క సెల్ ఇప్పుడున్న దానికంటే ఇన్ని డెసిబెల్స్ ఎక్కువగా, ఇంతసేపు నిలకడగా ఉంటే ఫోన్ ఆ సంగతి టవర్‌కి రిపోర్ట్ చేస్తుంది. తేడా 3 డెసిబెల్స్, ఆగే సమయం 640 మిల్లీసెకన్లు అనుకోండి. కొలతల్ని సగటు చేయడానికి ఇంకొంత ఆలస్యం. గంటకి 100 కి.మీ. వేగంలో రైలు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. మామూలు చోట్ల ఆ మాత్రం దూరానికి ఏమీ కాదు గానీ, సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయే చోట కొంప మునగడానికి అది చాలు. ఎందుకంటే కొత్త టవర్‌కి మారమనే ఆర్డర్ రావాల్సింది పాత టవర్ నుంచే. దాని సిగ్నల్ అందడం మానేశాక ఆర్డర్ పంపి ఏం లాభం? పొందూరులో దిగాల్సినవాణ్ని బండి కదిలాక లేపినట్టు ఉంటుంది. అలాగని ఆగే సమయం మరీ తగ్గించేస్తే ఫోన్ రెండు టవర్ల మధ్య అటూ ఇటూ మారుతూనే ఉంటుంది, దాన్నే పింగ్‌పాంగ్ అంటాం. ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాడికి ఒక సెట్టింగ్ కావాలి, పట్టాల పక్క పొలంలో నిలబడి మాట్లాడేవాడికి ఇంకోటి కావాలి. సెల్‌కి మాత్రం సాధారణంగా ఒకటే పెడతారు.

మెషిన్ లెర్నింగ్‌కి పని దొరికేది ఇక్కడ. గత కొన్ని సెకన్ల కొలతలు చూసి, ఇప్పుడున్న సెల్ త్వరలో పడిపోతుందా, తర్వాత పట్టుకోవాల్సింది ఏది అని అంచనా కట్టగలిగితే, పాత లింకు బాగున్నప్పుడే ఆర్డర్ పంపేయొచ్చు. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ రిలీజ్ 16లో 5జీకి వచ్చిన కండిషనల్ హ్యాండోవర్‌కి ఈ అంచనా బాగా అతుకుతుంది. అందులో కొన్ని టవర్లను ముందే సిద్ధం చేసి, షరతేమిటో ఫోన్‌కి చెప్పి ఉంచుతారు. అది కుదరగానే ఫోన్ తనంతట తానే మారిపోతుంది. ఎక్కువ టవర్లను సిద్ధం చేస్తే వాటిలో ఆపి ఉంచిన రిసోర్సులు దండగ, తక్కువ చేస్తే అసలు కావాల్సింది జాబితాలో ఉండకపోవచ్చు. రిలీజ్ 17లో రేడియో నెట్‌వర్క్‌లో ఏఐ వాడకం మీద 37.817 నంబరు టెక్నికల్ రిపోర్ట్ ఉంది. విద్యుత్ ఆదా, లోడ్ సర్దుబాటుతో పాటు మొబిలిటీ గురించి కూడా అందులో చర్చించారు. మీ సబ్జెక్టుకి ముందు చదవాల్సింది అదే.

అయితే తెగిన ప్రతి కాల్‌నీ హ్యాండోవర్ ఖాతాలో రాసేయకండి. దూసి దాటాక నాగావళి వంతెన మీద మాకు బాగా తలనొప్పి ఉండేది. నది మీద అడ్డేమీ ఉండదు కాబట్టి ఎక్కడో దూరాన ఉన్న టవర్లు కూడా అక్కడ గట్టిగా వినిపిస్తాయి. నాలుగైదు సెల్స్ దాదాపు ఒకే బలంతో, పెద్దదంటూ ఒకటీ ఉండదు. వాటిలో ఒకటి నైబర్ లిస్టులోనే (ఏ పక్క సెల్స్‌కి మార్చొచ్చో టవర్ దగ్గరుండే జాబితా) లేదు. ఫోన్ దాన్ని రిపోర్ట్ చేస్తున్నా, ఆ లిస్టులో లేదు కాబట్టి టవర్ హ్యాండోవర్ ఇచ్చేది కాదు. దూరపు సెల్ యాంటెన్నాని కాస్త కిందికి వంచి, లిస్టులో లేని ఆ సెల్‌ని చేర్చాక చాలావరకు సర్దుకుంది. మెషిన్ లెర్నింగ్ అవసరమే రాలేదు. ఇక సీతంపేట ఏజెన్సీ లాంటి చోట్ల అసలు సిగ్నలే లేని లోయల్లో ఏ మోడలూ సిగ్నల్ పుట్టించలేదు.

ఇప్పుడు డేటా. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్‌వర్క్ వివరాలు లాగ్ చేసే యాప్‌తో సెల్ ఐడీ, ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం కొలత), జీపీఎస్ రికార్డు చేసుకోవచ్చు. కొన్ని ఫోన్లు పక్క సెల్స్ వివరాలు సరిగ్గా ఇవ్వవు, ముందే చూసుకోండి. చాలామంది విద్యార్థులు గమనించని సంగతి ఒకటుంది: జేబులో ఊరికే ఉన్న ఫోన్ టవర్ మారితే అది హ్యాండోవర్ కాదు, సెల్ రీసెలెక్షన్. అక్కడ నిర్ణయం ఫోన్‌దే, నెట్‌వర్క్ ముందే చెప్పిన నియమాల ప్రకారం. మీకు హ్యాండోవర్ కావాలంటే దారి పొడవునా కాల్ గానీ డేటా గానీ నడుస్తూ ఉండాలి. ఇంకోటి, యాప్ ఇచ్చేది సుమారు సెకనుకో కొలత. మిల్లీసెకన్ల ఆట అందులో కనబడదు. కాబట్టి ఏ3 సెట్టింగులు మార్చేస్తానని పెట్టుకోకుండా, రాబోయే 5 సెకన్లలో సెల్ మారుతుందా, మారితే దేనికి అన్నది మీ లక్ష్యంగా పెట్టుకోండి. ఫోన్‌ని ఎప్పుడూ ఒకేలా, కిటికీ దగ్గర ఉంచండి. ఏసీ బోగీలో తీసిన డేటా, తలుపు దగ్గర నిలబడి తీసిన డేటా కలిపితే కూర పాడవుతుంది.

ట్రైనింగ్‌కి, టెస్టింగ్‌కి వరసల్ని కలగాపులగం చేసి విడగొట్టకండి. పక్కపక్క సెకన్ల కొలతలు ఇంచుమించు ఒకటే కాబట్టి మోడల్ జవాబుని కాపీ కొట్టేసి అద్భుతమైన మార్కులు తెచ్చుకుంటుంది. కొన్ని రోజుల ప్రయాణాలు ట్రైనింగ్‌కి, మోడల్ అసలు చూడని రోజులు టెస్టింగ్‌కి ఇవ్వండి. ఆక్యురసీని కూడా నమ్మొద్దు. ఎక్కువ సెకన్లలో సెల్ మారనే మారదు గనక, ఎప్పుడూ "మారదు" అని చెప్పే మోడల్‌కి కూడా మార్కులు దండిగా వస్తాయి. ప్రెసిషన్ (మారుతుందన్న వాటిలో నిజంగా మారినవెన్ని), రీకాల్ (నిజంగా మారినవాటిలో మోడల్ పట్టుకున్నవెన్ని) చూపించండి. అన్నిటికంటే ముందు, ఫలానా చోట నిన్న ఏ సెల్‌కి మారిందో చూసి అదే చెప్పే మామూలు పట్టిక ఒకటి తయారు చేయండి. దాన్ని గెలవలేని ఎల్‌ఎస్‌టీఎం (వరసగా వచ్చే కొలతల నుంచి నేర్చుకునే డీప్ లెర్నింగ్ మోడల్) ఎందుకు? రైలు పట్టాల మీద పట్టికకి తోడు ఓ డెసిషన్ ట్రీల (ప్రశ్న మీద ప్రశ్న వేసి తేల్చే సులువైన మోడల్స్) గుంపు చాలని నా అభిప్రాయం. మీ గైడ్‌కి డీప్ లెర్నింగ్ అనే మాట కావాలంటే రెండూ పెట్టి పోల్చండి, ఆయనా సంతోషిస్తారు.

వైవాలో తుపాను గురించి అడిగితే తడబడకండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం వైపు కరెంటు పోయి, ఎన్నో టవర్లు మూగబోయాయి. అలాంటి రోజున పాత డేటాతో నేర్చుకున్న మోడల్ లేని టవర్‌కి దారి చూపిస్తుంది. సెల్ కనబడకపోతే అంచనా పక్కనపెట్టి మామూలు ఏ3 పద్ధతికి వెళ్లిపోయే ఏర్పాటు మీ డిజైన్‌లో ఉండాలి.

పలాస దాటి ఇచ్ఛాపురం వరకు కూడా డేటా తీసేటట్టయితే ఆ భాగాన్ని వేరే ఫైల్లో ఉంచండి. అవతల ఒడిశా టెలికాం సర్కిల్. చాలా ఆపరేటర్లకి సర్కిల్ మారితే నెట్‌వర్క్ కోడే మారిపోతుంది, అక్కడ కాల్ తెగడానికి కారణాలు వేరు. మొదట విజయనగరం, ఆమదాలవలస మధ్య ముక్క పూర్తి చేయండి. లాగ్ ఫైలు తయారయ్యాక ఇక్కడే పెడితే చూసి చెప్తాను.