పాత కాలిక్యులేటర్‌తో దారం మీటరు చేసుకున్నాను

పెద్ద దారం కోన్ నుంచి 100 మీటర్ల చిన్న రీళ్లు చుట్టేటప్పుడు, రీలు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే ప్రతిసారీ పొడవులో తేడా వస్తోందని ఒకరు అడిగారు. తేడా రాక తప్పదండీ. దారం ఎక్కేకొద్దీ రీలు లావవుతుంది, చుట్టుకు పట్టే పొడవూ పెరుగుతుంది. మా అమ్మ మగ్గం వర్క్ దారాలు చుట్టి అమ్ముతుంది. రీల్లో దారం తక్కువ ఉందని ఒకావిడ తిరిగి తెచ్చిచ్చిన రోజు అమ్మ ముఖం చూడలేకపోయాను. ఆ వారమే దారం పొడవు కొలిచే ఈ మీటరు చేశాను.

కోన్‌కీ రీలుకీ మధ్య ఒక చక్రం పెట్టి, దారాన్ని దానికి ఒక పూర్తి చుట్టు వేసి పంపాలి. ఊరికే ఆనించి వదిలితే జారిపోతుంది. రెండు పాత సీడీల మధ్య 11 సెంటీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) బిళ్ల అతికించాను, నడుమ ఫిడ్జెట్ స్పిన్నర్ బేరింగ్. చక్రం తేలికగానే ఉండాలి. ముందు చెక్కతో చేస్తే, చెయ్యి ఆపాక కూడా తిరిగి లెక్క పెంచేసింది.

సీడీకి ఒక చిన్న అయస్కాంతం, బరువు సరిపోవడానికి ఎదురుగా కాస్త ఎం-సీల్. పక్కన కదలకుండా ఒక రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే చిన్న గాజు స్విచ్. దాని రెండు వైర్లను కాలిక్యులేటర్‌లో '=' బటన్ కింద ఉండే రెండు పాయింట్లకు సోల్డర్ చేయాలి. అప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ '=' నొక్కినట్టే. రీడ్ స్విచ్ కాళ్లు వంచేటప్పుడు గాజు దగ్గర పట్టకారుతో పట్టుకోండి, లేకపోతే గాజు పగులుతుంది.

చక్రాన్ని సరిగ్గా ఫలానా కొలతకే చేయాలని టెన్షన్ పడకండి. మేడ మీద టేపుతో 10 మీటర్లు గుర్తు పెట్టుకుని, 50 మీటర్ల దారం కొలిచి చక్రం మీదుగా లాగాను. 144 చుట్లు వచ్చాయి, అంటే చుట్టుకు 0.347 మీటరు. ఇప్పుడు 0.347 + 0.347 = కొడితే చాలు, ఆపై ప్రతి చుట్టుకూ అంతే కలుపుకుంటూ మీటర్లే చూపిస్తుంది, మొదట్లోనే కనిపించే 0.694ను మాత్రం చివర్లో తీసేసుకోవాలి. కొన్ని కాలిక్యులేటర్లలో '+' రెండుసార్లు నొక్కాలి. దారం మందం మారితే మళ్లీ కొలవండి, ఎందుకంటే ఆ మందం కూడా చక్రం చుట్టుకొలతలో కలుస్తుంది.

మోటారుతో చుడితే వేగం తగ్గించండి. కాలిక్యులేటర్ అంత వేగంగా నొక్కులు అందుకోలేదు, కొన్ని వదిలేస్తుంది. దారం బిగువుగా లాగినా సాగుతుంది, సాగిన పొడవే లెక్కలోకి వస్తుంది.

సరిచూసుకోవడానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా వాడతాను. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్. 120/2 దారమంటే 120 డెనియర్ పోగులు రెండు, మొత్తం 240. కాబట్టి 100 మీటర్లు సుమారు 2.67 గ్రాములు ఉండాలి. ఖాళీ రీలు బరువు తీసేయడం మర్చిపోకండి. రేయాన్ దారం తేమ పీల్చి బరువెక్కుతుంది, అందుకే వానాకాలంలో మాత్రం కాటా కన్నా చక్రాన్నే నమ్ముతాను.

ఇంత చేసినా అమ్మ 101 కనిపించాకే దారం తెంపుతుంది.