కారు నడపలేని మా సారుతో దీవులకు పోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 57, మా సారుకు 63. భూపాలపల్లిలో సింగరేణి నౌకరీ చేసి రిటైరైనారు. షుగర్ వల్ల కంట్లో రెటీనా దెబ్బతింటే లేజర్ చేశారు. ఆరు నెలల కింద డాక్టర్ ఇక కారు నడపొద్దన్నాడు. అప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. కారు అమ్మనివ్వడు. రోజూ పొద్దున స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అందులోనే కూర్చొని, ఆపేసి లోపలికొస్తాడు. నాకేమో ఎన్నాళ్ల నుంచో అండమాన్ చూడాలని. దీపావళి అయ్యాక ఇద్దరమే పోయి, ఒకటి రెండు దీవుల్లో తొందర లేకుండా ఉండి రావాలని ఆశ. ఆయన "కారు లేకుండ ఏం తిరుగుతం, నన్ను మూటలెక్క మోస్కపోతవా" అంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకేమో "మేమూ వస్తం, అక్కడ కారు మాట్లాడుత, నాలుగు రాత్రులు ఐదు పగళ్ల ప్యాకేజీ" అంటున్నాడు. ఆ ప్యాకేజీ కాగితం చూస్తే పొద్దున ఆరింటి నుంచి ఉరుకుడే. వద్దంటే కొడుకూ కోడలూ ఏమనుకుంటారో. ఈ వయసులో నాకీ కోరిక తప్పా?

జవాబు: తప్పేముంది అక్కా, 57కే "ఈ వయసులో" అంటే ఎట్లా? ఆ మాట పక్కన పెట్టండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ నా చూపు ఆ ఐదు నిమిషాల దగ్గరే ఆగింది. బండి కదలదు, ఎక్కడికీ పోయేది లేదు, అయినా రోజూ స్టీరింగ్ ముందు కూర్చుంటున్నాడు. మీరు దాన్ని మొండితనం అనుకుంటున్నట్టున్నారు, నాకు మాత్రం ఇంట్లో చెప్పుకోలేని దుఃఖం లాగా అనిపించింది. ముప్పై ఏళ్లుగా మీ ఇంట్లో ఎక్కడికి పోవాలన్నా ఎన్నింటికి బయలుదేరాలో, ఎక్కడ చాయ్ తాగాలో, ఎవరు ముందు సీట్లో కూర్చోవాలో చెప్పింది ఆయనే అయి ఉంటుంది. మేడారం పోయినా, కాళేశ్వరం పోయినా ఆయన చేతి మీదే. ఒక్కరోజు డాక్టర్ చెప్పిన మాటతో అదంతా పోయింది. ఇప్పుడు కొడుకొచ్చి "నేను కారు మాట్లాడుత" అంటే, వాడు ప్రేమతోనే అన్నాడు కానీ, ఈయన చెవిలో అది "ఇక నువ్వు వెనక సీట్లో కూర్చో నాయనా" అన్నట్టు పడింది. మూట అన్న మాట అక్కడి నుంచే వచ్చింది, మీ మీద కోపంతో కాదు.

ఒక సంగతి చూడండి. అండమాన్‌లో మీలాంటి వాళ్లు చూడబోయే హేవ్‌లాక్, నీల్ లాంటి దీవుల మధ్య తిరగడానికి ఎవరి కారూ పనికిరాదు. కోటీశ్వరుడైనా, కంటిచూపు నిక్షేపంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడైనా టికెట్ కొనుక్కుని, జెట్టీ దగ్గర లైన్లో నిలబడి, ఎవరో నడిపే పడవలో కూర్చోవాల్సిందే. అక్కడ నడపలేనివాడు ఆయన ఒక్కడే కాదు. ఈ మాట ఆయనతో మీరు అనకండి, ఓదార్పులా వినబడితే ఇంకా బిగుసుకుపోతాడు. మొదటి రోజు జెట్టీ మీద ఆయనకే తెలుస్తుంది.

మీరు చెయ్యాల్సింది వేరే ఉంది. పడవల పని మొత్తం ఆయన చేతిలో పెట్టండి. ఉత్తుత్తి పని కాదు, నిజంగా తల బద్దలయ్యే పనే అది. విమానం దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురం అయింది. హేవ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. జనం నోట్లో ఇంకా పాత పేర్లే, కాగితాల మీద కొత్తవి, కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే తికమక మొదలు. సర్కారు పడవలు వేరు, ప్రైవేటు పడవలు వేరు. ప్రైవేటువి ఏసీవి, శ్రీవిజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు గంటన్నరలో దింపేస్తాయి కానీ చాలావాటిలో అద్దాల వెనక కూర్చోవాల్సిందే. సర్కారు పడవ ధర తక్కువ, నిదానం, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు, టికెట్ దొరకడమే కష్టం. ఏ పడవ ఏ రోజు, ఏ జెట్టీ నుంచి, ఎన్ని గంటల ముందు చేరాలి, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయమనండి. సింగరేణిలో షిఫ్టుల లెక్కలు చూసిన మనిషికి ఇదేమంత కష్టం కాదు. తెరమీద అక్షరాలు ఆనకపోతే మీరు ఫోన్లో చదవండి, నిర్ణయం మాత్రం ఆయనది. తప్పు బుక్ చేస్తే చెయ్యనివ్వండి, ఒక టికెట్ డబ్బులు పోతే పోయాయి.

అయితే మిమ్మల్నీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇన్నేళ్ల కారు ప్రయాణాల్లో మీకు ఎన్ని నచ్చాయి? "తొందర లేకుండా" అని మీరు మూడు వాక్యాల్లో చెప్పాల్సింది రెండు మాటల్లో మింగేశారు. రెండు రోజుల్లో ఐదు గుళ్లు చుట్టి, సగం నిద్రలో ఇల్లు చేరే ప్రయాణాలు మీకెప్పుడూ నచ్చలేదేమో, ఆయన సంబరం చూసి ఊరుకున్నారేమో. అదే అయితే ఇప్పుడైనా చెప్పండి, నిష్ఠూరంగా కాకుండా. "నువ్వు నడిపినప్పుడు నీ పక్కన కూర్చున్న కానీ నీ కండ్లు రోడ్డు మీదనే ఉండె, ఒక్కసారి నువ్వు కూడ కిటికీలకెల్లి చూడు" అని మీ మాటల్లో అనొచ్చు. నేను రాసిచ్చింది అప్పజెప్పకండి మళ్లీ, ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి పట్టేస్తాడు.

కొడుకు సంగతి తేలిక. "వద్దు" అనకండి, "ఇది మా ఇద్దరిది, సంక్రాంతికి అందరం కలిసి పోదాం" అని తేదీతో సహా చెప్పండి. తేదీ లేని వాగ్దానం అయితే కోడలికి తప్పించుకున్నట్టే ఉంటుంది. వాడికీ ఒక పని ఇవ్వండి, విమానం టికెట్లు చూసి పెట్టమనండి. అంతకు మించి వద్దు. రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ చేసి "మందులేసుకున్నవా నాన్నా" అని అడిగే పని అసలే వద్దు.

ఇక ప్రయాణం. దీపావళి అయిన మర్నాడే పరుగెత్తకండి. అక్టోబర్‌లో అక్కడ వానలు ఇంకా పోవు, నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తుంటాయి. నవంబర్ చివరికి కొంచెం నయం. అప్పుడు కూడా సముద్రం బాగా లేకపోతే పడవలు ఆపేస్తారు, ఎవరినీ తిట్టి లాభం లేదు. అందుకే ఒక్క నియమం మాత్రం తప్పకండి: తిరుగు విమానం ముందు రాత్రి శ్రీవిజయపురంలోనే ఉండాలి. మేము పోయినప్పుడు ఇది తెలియక విమానం రోజు పొద్దున పడవ నమ్ముకున్నాం. అది రద్దయింది. మధ్యాహ్నం దాకా జెట్టీ మీద సూట్‌కేసు మీద కూర్చొని నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూడకుండా పల్లీలు తిన్నాం. విమానం పోయింది, పల్లీలూ అయిపోయాయి.

ఇక్కడి నుంచి పోవడానికి రెండు దారులు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి పుష్పక్ బస్సులో శంషాబాద్, నేరుగా విమానం దొరికితే. లేదా వరంగల్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై, సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రోలోనే విమానాశ్రయం దాకా పోవచ్చు, అక్కడి నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. నాకు రెండోదే ఇష్టం. రాత్రి రైలు, కింద బెర్తు, ఇంటి నుంచి కట్టుకుపోయిన చపాతీలు, అప్పుడే సెలవు మొదలైనట్టుంటుంది. చెన్నై నుంచీ విశాఖ నుంచీ ఓడలు కూడా ఉన్నాయి కానీ మూడు రోజులు సముద్రం మీదే. షుగర్ మనిషితో మొదటిసారే ఆ సాహసం వద్దు.

విమానం టికెట్ కొనే ముందు కంటి డాక్టర్‌ను ఒకసారి కలవండి. లేజర్ మాత్రమే అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ ఈలోపు ఆపరేషన్ అవసరమై కంట్లో గ్యాస్ పెడితే, అది పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు, చూపుకే ముప్పు. పడవలో కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర సంగతీ షుగర్ డాక్టర్‌ను అడగండి. షుగర్ మాత్ర వేసుకుని, తిన్నదంతా కక్కేస్తే షుగర్ పడిపోవచ్చు. గ్లూకోజ్, బిస్కెట్లు మీ చేతి సంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు.

ఎన్ని దీవులు? కొడుకు కాగితంలో ఎన్నున్నాయో గానీ, నా లెక్కలో రెండు చాలు, నన్నడిగితే ఒకటిన్నర. శ్రీవిజయపురంలో రెండు రాత్రులు, స్వరాజ్ ద్వీప్‌లో రెండు, షహీద్ ద్వీప్‌లో మూడు, మళ్లీ వెనక్కి ఒక రాత్రి. స్వరాజ్ ద్వీప్‌లో బీచ్‌లకు అంకెలు పెట్టారు, బొగ్గు గనులకు పెట్టినట్టు, మీ సారుకు నచ్చుతుంది. మూడో నంబరు, ఐదో నంబరు బీచ్‌ల వైపు గది తీసుకుంటే బజారు దగ్గర. ఏడో నంబరు రాధానగర్, అందరూ ఫొటోలు దిగేది, అది దీవికి అవతలి వైపు. ఆటో మాట్లాడుకోండి, బస్సు కూడా ఉంటుంది కానీ వేళలు ముందే కనుక్కోవాలి. స్కూటీ అద్దెకిస్తామని వెంటపడతారు, వద్దు.

షహీద్ ద్వీప్ చిన్నది. భరత్‌పూర్ బీచ్ జెట్టీ నుంచి నడిచిపోయేంత దగ్గర. అక్కడ ఉంటే మీరనుకున్న తీరిక దొరుకుతుంది. ఒక పూట నీళ్లు వెనక్కిపోయి రాళ్లు తేలతాయి, కొన్ని గంటలకు అవే రాళ్ల మీద నీళ్లు నిండుతాయి, అది చూస్తూ కూర్చోవడమే పని. అండమాన్‌కు కూరగాయలు ఎక్కువగా ఆ దీవి నుంచే, కాబట్టి కార్తీకం ఇంకా మిగిలి ఉండి మీరు నీసు ముట్టకపోయినా పప్పు, కూర, అన్నానికి లోటుండదు. శ్రీవిజయపురంలో తెలుగువాళ్లు చాలామంది, మాట దొరుకుతుందా అని భయపడకండి. కారప్పొడి డబ్బా మాత్రం పెట్టుకోండి, అది వేరే సంగతి.

రెండు జాగ్రత్తలు, రెండూ ఆయన ఒంటికి సంబంధించినవి. అక్కడ సూర్యుడు మన కన్నా ముందు అస్తమిస్తాడు, ఆ నెలలో సాయంత్రం ఐదుకల్లా పొద్దు గూకినట్టే. చీకట్లో ఆయనకు చూపు ఆనదు కదా, నాలుగున్నర దాటితే గది దగ్గరే ఉండేట్టు చూసుకోండి, టార్చి ఎప్పుడూ చేతిలో ఉండాలి. సెల్యులార్ జైలు పగలే చూడండి, రాత్రి సౌండ్ అండ్ లైట్ షో చూడాలనుంటే తిరిగి రావడానికి ఆటో ముందే మాట్లాడుకోండి. దీనికి బదులుగా తెల్లారడం కూడా ముందే, ఐదున్నరకల్లా వెలుగొస్తుంది. ఫస్ట్ షిఫ్టుకు తెల్లారకముందే లేచి అలవాటున్న మనిషి, ఆ వేళ సముద్రం ఒడ్డున మీ ఇద్దరు తప్ప ఎవరూ ఉండరు. ఇంకోటి, నీళ్లలో పగడపు రాళ్లు బ్లేడులా కోస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు కాలికి గీరుకున్నది తెలియకపోవచ్చు, మానడమూ కష్టం. వట్టి కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయనివ్వకండి, ఇసుకలో కూడా. ఎంత గులిగినా సరే.

ఇదంతా చెప్పినా ఆయన వెంటనే ఊ అనడు. అందుకే ముందు లక్నవరం పోయి రండి. మన దగ్గరే, ములుగు జిల్లాలో, చెరువు మధ్యలో చిన్న చిన్న దీవులు, వేలాడే వంతెన, పడవ, ఉండటానికి కాటేజీలు. మీరు కారులో పోయే ఉంటారు, గంట ఉండి వచ్చేసి ఉంటారు. ఈసారి గోవిందరావుపేట వైపు పోయే ఆర్టీసీ బస్సెక్కి, దిగాక ఆటోలో పోయి, ఒక రాత్రి ఉండండి. మీకు బస్సు ఫ్రీ, ఆయనకే టికెట్, దాని మీద దారంతా గులుగుతాడు, గులగనివ్వండి. ఆర్నెల్ల నుంచి మనిషిలా లేని మనిషి గులిగినా మంచిదే కదా. కిటికీ సీటు మాత్రం ఆయనకివ్వండి. ఆ ఒక్క రాత్రిలో మీకే తెలుస్తుంది, ఆయన బస్సులో ఎక్కడ ఇబ్బంది పడ్డాడో, మెట్ల దగ్గర మీ చెయ్యి పట్టుకున్నాడా విదిలించుకున్నాడా, చీకటి పడ్డాక ఎంత దూరం నడవగలిగాడో. అండమాన్‌లో ఏం చెయ్యాలో ఏం మానుకోవాలో నాకన్నా అదే బాగా చెబుతుంది.

కారు అమ్మమని ఇప్పుడే అడగకండి. పొద్దున ఆ ఐదు నిమిషాలు కూర్చుంటే కూర్చోనివ్వండి. ఒకరోజు మీరూ పోయి పక్క సీట్లో కూర్చోండి, ఏం మాట్లాడకుండా, రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని. రెండు వారాలకు పైగా తిండి తగ్గి, నిద్ర పట్టక, ఎవరితోనూ కలవకుండా ఉంటే మాత్రం అది కారు సంగతి కాదు, మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువే, దాచుకోవాల్సిన జబ్బు కాదది.

పోయొచ్చాక ఒక ఉత్తరం రాయండి. ముఖ్యంగా పడవ టికెట్లు చివరికి ఎవరు బుక్ చేశారో రాయండి.