థర్మల్ పోతుంటే ఈఈఈ చదువు దండగేనా?

ప్రశ్న: మాది పాల్వంచ. అబ్బాయి డిప్లొమా ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చివరి ఏడాది. 2024లో ఇక్కడి థర్మల్ (బొగ్గు) విద్యుత్ కేంద్రంలో పాత కూలింగ్ టవర్లు కూల్చేశాక, కరెంటు రంగంలో ఇక ఉద్యోగాలుండవని అందరూ భయపెడుతున్నారు. మూడు నెలల సోలార్ కోర్సులో చేర్పించమంటారా, డిప్లొమా వాళ్లని బీటెక్‌లో చేర్చుకునే ఈసెట్ పరీక్ష రాయించమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఈసెట్ రాయించండి. బీటెక్‌లోనూ ఈఈఈనే తీసుకోమనండి.

కూల్చింది కాలం చెల్లిన యూనిట్ల టవర్లను. మీ ఊళ్లోనే 2018లో మొదలైన 800 మెగావాట్ల ఏడో దశ యూనిట్ ఉంది కదా! 2030 నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర (బొగ్గు, గ్యాస్, చమురు కాని) వనరులదే ఉండాలన్న లక్ష్యాన్ని దేశం 2025లోనే అందుకున్న మాట నిజం. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. నిజంగా తయారయ్యే కరెంటులో చూస్తే బొగ్గు వాటా ఇప్పటికీ 70 శాతం దరిదాపుల్లో ఉంది. పొద్దు వాలితే సోలార్ పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో కరెంటు వాడకం (లోడ్) పెరుగుతుంది. కాబట్టి థర్మల్ యూనిట్‌ను మధ్యాహ్నం దాని సామర్థ్యంలో 55 శాతానికి, మున్ముందు 40 శాతానికి దించి, సాయంత్రం మళ్లీ ఎత్తాలి. మిగిలిన లోటును ఆంధ్రప్రదేశ్‌లోని పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి ఉంచి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) కేంద్రాలు, బ్యాటరీలు పూడ్చాలి. ఈ సర్దుబాటు నడిపే ప్రొటెక్షన్ (లోపం వస్తే లైన్‌ను కట్ చేసే ఏర్పాటు), స్కాడా (దూరం నుంచే కంప్యూటర్‌తో చూసి నడిపే వ్యవస్థ), సబ్‌స్టేషన్ పనులు తెలిసినవాళ్లకే నా దృష్టిలో గిరాకీ.

సోలార్ కోర్సుల్లో ప్రభుత్వ సూర్యమిత్ర 600 గంటలది, ప్రధానంగా ఐటీఐ వాళ్లకోసం పెట్టింది. డిప్లొమా చదివినవాడికి అదొక మెట్టు దిగడమే. ప్రైవేటు కోర్సయితే డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: గరిష్ఠంగా 1,500 వోల్టులు తట్టుకునే ఇన్వర్టర్‌కి, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (ఏ లోడూ కలపనప్పుడు ఉండే వోల్టేజ్) 50 ఉన్న ప్యానెళ్లు ఒక స్ట్రింగ్‌లో (వరసగా కలిపిన గొలుసులో) ఎన్ని పెట్టొచ్చు? తడుముకోకుండా 30 అన్నారా, లేచి వచ్చేయండి. ఆ 50 వోల్టులు సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పటి లెక్క. చలికాలం పొద్దున్నే సెల్ 10 డిగ్రీలుంటే, చల్లబడే ఒక్కో డిగ్రీకి వోల్టేజ్ సుమారు 0.28 శాతం చొప్పున పెరిగి ప్యానెల్ 52 దాటుతుంది. 30 ప్యానెళ్లకి 1,560 పైమాటే. ఇన్వర్టర్ దెబ్బతింటే వారంటీ అడిగే మొహం కూడా ఉండదు. 28 పెడితే 1,460 దగ్గర ఆగుతుంది. ఈ లెక్కకి కావలసిన బేసిక్స్ మీవాడి డిప్లొమాలోనే ఉన్నాయి.

సీటు రాకపోతే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ కింద ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. స్టైపెండ్ కూడా వస్తుంది. సోలార్ ప్లాంటు కన్నా 220 కేవీ సబ్‌స్టేషన్ దొరికితే మేలు: రిలే (లోపాన్ని పసిగట్టే పరికరం) టెస్టింగ్, బ్రేకర్ల (కరెంటు తెంచే స్విచ్‌ల) మెయింటెనెన్స్ చేత్తో చేసి నేర్చుకుంటాడు.

ఈసెట్ 200 మార్కుల్లో 100 సొంత బ్రాంచివి, 50 లెక్కలవి, మిగతావి ఫిజిక్స్, కెమిస్ట్రీ. డిప్లొమా వాళ్లు ఎక్కువగా జారేది లెక్కల్లోనే. మొదటి ఏడాది మ్యాథ్స్ పుస్తకం ఇప్పుడే బయటికి తీయమనండి.