ఎస్‌7-1200లో మట్టం శాతం −1, 0, 1 దాటడం లేదు: సమాధానం

సీమెన్స్ వారి ఎస్‌7-1200 పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక నియంత్రణ కంప్యూటరు)లో మీ ట్యాంకు మట్టం శాతం 0 నుంచి 100 వరకు రావలసి ఉండగా −1, 0, 1 మధ్యే తిరగడానికి కారణం సెన్సరు కాదు. ఎస్‌సీఎల్ (ఆ పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ భాష) కోడులో శాతాన్ని (ఇన్‌పుట్ × 100) / 27648గా లెక్కించేటప్పుడు గుణకారం 16 బిట్లలోనే జరగడం.

అనలాగ్ ఇన్‌పుట్ (0–27648) ఇంట్ (16 బిట్ల పూర్ణాంకం) రకానిది, 100 కూడా అందులోనే ఇముడుతుంది. కాబట్టి ఫలితాన్ని డింట్ (32 బిట్ల పూర్ణాంకం) ట్యాగులో, అంటే పేరు పెట్టిన చలరాశిలో, దాచినా, లెక్క మాత్రం ఇంట్‌లోనే సాగుతుంది. ఇంట్ గరిష్ఠ విలువ 32767. ఇన్‌పుట్ 328కి చేరగానే లబ్ధం 32800 అయి, ఆ పరిమితి దాటినందున −32736గా మారుతుంది. దానిని 27648తో భాగిస్తే −1 వస్తుంది.

1. గుణించడానికి ముందే ఇన్‌పుట్‌ను ఒక్కదానినే ఇంట్_టు_డింట్‌తో మార్చండి. చాలామంది మొత్తం సమీకరణాన్ని ఆ ఫంక్షన్ కుండలీకరణాల్లో పెడతారు. అప్పటికే పాడైన సంఖ్య 32 బిట్లకు విస్తరిస్తుందే తప్ప సరికాదు.

2. భాగహారాన్ని ముందుకు తేవద్దు. పూర్ణాంక భాగహారంలో భిన్నభాగం పోతుంది కనుక, ఇన్‌పుట్ 27648 చేరేవరకు సున్నాయే కనిపిస్తుంది.

3. ఇంట్‌కు 2 బైట్లు, డింట్‌కు 4 బైట్లు పడతాయి. ఒక్క ట్యాగుకు ఈ తేడాను పట్టించుకోనక్కరలేదు గాని, 1000 విలువల అర్రేలో అదనంగా 2000 బైట్లు పోతాయి. అలాంటి చోట లెక్కను డింట్‌లో చేసి, శాతాన్ని డింట్_టు_ఇంట్‌తో నిల్వ చేయండి.

డేటా బ్లాకు (ట్యాగులను ఉంచే మెమరీ భాగం) ఆప్టిమైజ్డ్ కాకపోతే, అంటే ట్యాగులు స్థిర చిరునామాల్లో ఉంటే, ట్యాగు రకం మార్చిన తరువాత దాని కింది ట్యాగుల చిరునామాలు జరుగుతాయి; హెచ్‌ఎంఐ (ఆపరేటరు చూసే తెర)లో వాటిని సరిచూసుకోండి.