అంబాసిడర్ పుట్టిల్లు ఎక్కడ?

ప్రశ్న: మా తాతగారు 1974లో కొన్న అంబాసిడర్ అంబర్‌పేటలోని మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అది ఇంగ్లండు కారని ఆయన, కాదు కలకత్తా కారని నాన్న వాదించుకునేవారు. ఎవరి మాట నిజం? ఆ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నా ఓటు మీ నాన్నగారికే, అమ్మా. రూపం మాత్రం ఇంగ్లండుదే. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు మూడో సిరీస్‌నే హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌గా ఇక్కడ దింపింది.

బి.ఎం. బిర్లా 1942లో పెట్టిన ఆ కంపెనీ మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో కార్లు బిగించేది. 1948లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు మారాక అసలు పని మొదలైంది. ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీ, కాల్చిన లోహాన్ని కొట్టి మలిచే ఫోర్జింగు, రేకుల్ని ఒత్తే ప్రెస్సులు, ఇంజన్ భాగాలు చెక్కే యంత్రాలు, అన్నీ ఒకే ఆవరణలో! హౌరా నుంచి లోకల్ ఎక్కితే ఉత్తర్‌పారా దాటగానే వచ్చే స్టేషన్ పేరే హింద్ మోటర్.

గొప్పా అదే, జబ్బూ అదే. అన్నీ ఇంట్లోనే తయారవుతాయి, ఎవరెన్ని తయారుచేయాలో ప్రభుత్వమే తేల్చే లైసెన్సుల రాజ్యంలో పెద్దగా పోటీ లేదు, కారు కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు, మంత్రులకు ఎలాగూ అదే కావాలి. ఇక మార్చాలన్న తొందర ఎవరికి? 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చాక ఆ ధీమా సడలింది. 1980లలో ఏడాదికి 24 వేల దాకా కార్లు చేసిన ఫ్యాక్టరీ, 2013-14లో చేసినవి సుమారు 2,200. 2014 మే 24న పని ఆపేశారు. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది. కారు కాదు సుమండీ, ఉత్త పేరు!

ఇక మీ బండి సంగతి. 1974 నాటిదంటే అంబాసిడర్‌లో రెండో రకం, అంటే మార్క్ 2 అయి ఉండాలి. ముందు జాలీ చిన్న చిన్న చదరపు గళ్లతో ఉందేమో చూడండి. అడ్డ పట్టీలు కనిపిస్తే తర్వాతెవరో మార్చారన్నమాట. క్లచ్ పక్కన నేల మీద కాలితో నొక్కి హెడ్‌లైట్ల వెలుగు దించే డిప్పర్ స్విచ్ ఉంటే దాన్ని పీకించకండి. 2021 నిబంధనల ప్రకారం, రిజిస్ట్రేషనై 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ జరగని సొంత కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఆ తర్వాత ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. కూరగాయలకు వేసుకెళ్తానంటే మాత్రం ఆ నమోదు జోలికి వెళ్లకండి.